స్టెరాయిడ్ కంటి చుక్కలు: చీటీ రాయించుకున్న రోజు నుంచి సీసా పారేసే రోజు దాకా

కన్ను ఎర్రబడి, వెలుతురు వైపు చూడలేక, నీళ్లు కారుతున్నప్పుడు స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చాలా సందర్భాల్లో రెండు మూడు రోజుల్లోనే కన్ను తేటపడుతుంది. ఈ మందును సరిగా వాడుకోవడంలో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది. ఎరుపు పోగానే జబ్బు పోయిందనుకుని మధ్యలో మానేసేవారు కొందరైతే, వేసుకుంటే హాయిగా ఉంటుందని డాక్టరుకు చూపించకుండానే నెలల తరబడి వేసుకుంటూ పోయేవారు మరికొందరు.

మొదటి పొరపాటు నేనే చేశాను. కొన్నేళ్ల కిందట ఎడమ కన్ను ఎర్రబడితే కళ్లకలకే అయి ఉంటుందని ఒక మందుల షాపులో చుక్కలు అడిగి తెచ్చుకున్నాను. ఆ సీసాలో యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కూడా ఉందని షాపువారు చెప్పలేదు, నేను చదవలేదు. మూడో రోజుకు కన్ను తెల్లబడితే మానేశాను. వారం తిరక్కుండానే నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. అప్పుడు చూసిన కంటి డాక్టరు, ఇది కలక కాదు ఐరైటిస్ అనీ, అంటే కంట్లోని రంగు పొర వాచడమనీ, నల్లగుడ్డు లోపలి రంగు పొర రెండుచోట్ల వెనకనున్న కటకానికి అతుక్కుపోయిందనీ చెప్పారు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేశాక అద్దంలో చూసుకుంటే, గుండ్రంగా విచ్చుకోవాల్సిన పాప ఎలుక కొరికిన రొట్టెలా అంచులు వంకరపోయి కనిపించింది. సరైన చికిత్స మొదటి రోజే అందితే ఆ అతుకులు చాలావరకు పడకుండా ఆపవచ్చునని తరువాత తెలిసింది.

ఇక్కడ రాస్తున్నది డాక్టరు పరీక్షించి ఈ చుక్కలు రాసిచ్చినవారి కోసం, వారికి చుక్కలు వేసే ఇంట్లోవారి కోసం. మందు ఎంపిక, మోతాదు, ఎన్నాళ్లు వాడాలన్నది మీ కంటిని చూసిన డాక్టరు చెప్పినట్టే జరగాలి.

ఈ మందు ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు కన్ను తీస్తుంది

స్టెరాయిడ్ ఏ క్రిమినీ చంపదు. దెబ్బకో, శస్త్రచికిత్సకో, శరీరం తన మీదే తిరగబడినందుకో కంటి కణజాలం వాచినప్పుడు, ఆ వాపును నడిపే ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాల తయారీని తగ్గించి, అక్కడికి చేరే తెల్లరక్తకణాల జోరును అణచడమే అది చేసే పని. అందుకే ఐరైటిస్ అనే ముందు భాగపు యువైటిస్‌కు, శుక్లం ఆపరేషన్ తరువాతి వాపుకు, నల్లగుడ్డు మార్పిడి చేయించుకున్నవారిలో శరీరం కొత్త పొరను తిప్పికొట్టకుండా ఆపడానికి, పిల్లల్లో తీవ్రమైన అలర్జీ కలకకు ఇది ప్రధానమైన మందు. వీటిలో కొన్నిటికి ఇంత బాగా పనిచేసే ప్రత్యామ్నాయం లేదు కూడా. స్టెరాయిడ్ అన్న పేరు వినగానే భయపడి, రాసిచ్చిన చుక్కలు వేసుకోకుండా ఐరైటిస్‌ను ముదరబెట్టుకోవడం కూడా చూపుకు ముప్పే.

క్రిములను ఎదిరించే కాపలాను కూడా ఈ మందు పడుకోబెడుతుంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఉన్న కంటిలో వేస్తే కథ తిరగబడుతుంది. హెర్పిస్ వైరస్ నల్లగుడ్డు పైపొర మీద చెట్టుకొమ్మల్లా చీలిన పుండు వేస్తుంది. రంగు చుక్క వేసి నీలి వెలుతురులో చూస్తే ఆ కొమ్మలు పచ్చగా మెరుస్తాయి. దాని మీద స్టెరాయిడ్ పడితే కొమ్మలు విస్తరించి పెద్ద పుండవుతాయి. ఇదే వైరస్ లోపలి పొరల్లో వాపు తెచ్చినప్పుడు మాత్రం డాక్టర్లు వైరస్ మందు రక్షణలో స్టెరాయిడ్ వాడతారు. పైకి రెండూ ఎర్ర కన్నులే. తేడా స్లిట్ ల్యాంప్, అంటే సన్నటి వెలుతురు గీతతో కంటిని పెద్దది చేసి చూపే డాక్టరు యంత్రం, కింద తప్ప తెలియదు.

మన ప్రాంతంలో ఇంతకంటే ఎక్కువ భయపడాల్సింది ఫంగస్ పుండుకు. వరి కోతల్లో ఆకు గీసుకున్నా, కుప్ప నూర్చేటప్పుడు ఊక పడినా, కట్టెలు కొట్టేటప్పుడు పేడు ఎగిరి తగిలినా, ఫ్యుజేరియం, ఆస్పర్జిల్లస్ వంటి బూజు జాతులు నల్లగుడ్డులోకి దిగుతాయి. దక్షిణ భారతదేశంలో నల్లగుడ్డు పుండ్లలో వీటి వాటా పెద్దది. మొదట్లో కొంచెం గరగర, కొంచెం ఎరుపు ఉంటాయి. అప్పుడు ఎవరో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలు వేస్తే నాలుగు రోజులు ఉపశమనంగా ఉంటుంది. ఆ నాలుగు రోజుల్లో బూజు లోతుకు పాకుతుంది. చివరికి మిగిలేది మన ఊళ్లలో కంట్లో పువ్వు అని పిలిచే తెల్లమచ్చ, లేదా చిల్లుపడిన కన్ను. కాబట్టి ఆకు, గడ్డి, మట్టి, పేడు వంటివి తగిలాక ఎర్రబడిన కంటిలో డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ చుక్క ఒక్కటి కూడా పడకూడదు. ఆకు పసరు, తల్లిపాలు పోయడం కూడా ఇక్కడ హానికరమే. నందివర్ధనం పూలను మూసిన రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే.

బ్యాక్టీరియా పుండ్ల విషయంలో స్టెరాయిడ్ కలిపితే మచ్చ తగ్గుతుందా అన్న ప్రశ్న డాక్టర్లలోనే చాలాకాలం నలిగింది. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి ప్రధాన పాత్ర వహించగా 500 మంది రోగులతో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, ముందు 48 గంటలు యాంటీబయాటిక్ వేసి ఆ తరువాత స్టెరాయిడ్ కలిపినా, మూడు నెలలకు చూపులో మొత్తం మీద తేడా కనిపించలేదు. క్రిమి ఏదో ప్రయోగశాలలో తేల్చుకుని, యాంటీబయాటిక్ ముందుగా వేసి చేసిన పనికే ఫలితం ఇంత మాత్రంగా ఉంటే, కౌంటరు మీద అందుకున్న సీసాతో మేలు జరుగుతుందనుకోవడం అత్యాశ.

ఈ చుక్కలు షెడ్యూల్ హెచ్ కింద వచ్చే మందులు. అంటే చట్టప్రకారం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా చేతికి వస్తూనే ఉంటాయి కాబట్టి లేబుల్ చదవడం మీరే నేర్చుకోవాలి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. యాంటీబయాటిక్‌తో కలిపి అమ్మే సీసాల మీద పెద్ద అక్షరాల్లో బ్రాండు పేరు, కింద సన్నటి అక్షరాల్లో ఈ పేర్లలో ఒకటి ఉంటుంది. కెటోరొలాక్, నెపాఫెనాక్ వంటివి వాపు తగ్గించేవే అయినా స్టెరాయిడ్లు కావు. ఈ రెండు రకాలనూ ఒకదాని బదులు మరొకటిగా వాడకూడదు.

డాక్టరు చీటీ రాసేలోపు చెప్పవలసినవి, అడగవలసినవి

మీ ఇంట్లో అమ్మానాన్నలకో తోబుట్టువులకో నీటికాసులు, అంటే గ్లకోమా, ఉంటే అది ముందుగా చెప్పాలి. మీకే ఉంటే మరీను. ఎక్కువ మైనస్ పవరు ఉన్న అద్దాలు, మధుమేహం, ఇంతకుముందు ఈ చుక్కలు వాడినప్పుడు కంటి ప్రెషర్ పెరిగిన అనుభవం, ఎప్పుడైనా కంటి మీదో పెదవి మీదో వచ్చిన హెర్పిస్ పొక్కులు, గర్భం, పాలివ్వడం, కాంటాక్ట్ లెన్సులు, ఈమధ్య కంటికి తగిలిన దెబ్బ చెప్పాలి. ఉబ్బసానికి పీల్చే మందు, ముఖానికి రాసే ఫెయిర్‌నెస్ క్రీములో కలిసిన స్టెరాయిడ్, మోకాలికి వేయించుకున్న ఇంజెక్షన్ వంటివి కంటికి సంబంధం లేనివని చాలామంది దాటవేస్తారు. వాటినీ చెప్పండి, వాటివల్ల కూడా కంటి ప్రెషర్ పెరగగలదు.

ఐరైటిస్ అని చెప్పినప్పుడు నడుము నొప్పి, పొద్దున లేవగానే వెన్ను బిగుసుకుపోవడం, కీళ్ల వాపు, నోట్లో తరచూ పుండ్లు, పాత క్షయ ఉన్నాయేమో గుర్తు చేసుకుని చెప్పడం మంచిది, ఎందుకంటే చాలాసార్లు కన్ను ఎర్రబడటం ఒంట్లో దాగిన మరో జబ్బుకు మొదటి సూచన అవుతుంది. పదేపదే వచ్చే ఐరైటిస్ వెనక వెన్నెముక కీళ్లవాతం బయటపడినవారు తక్కువేమీ కాదు.

మీరు అడిగి రాయించుకోవలసినవి నాలుగు: జబ్బు పేరు, ఈ రోజు రెండు కళ్ల ప్రెషర్ ఎంత, చుక్కలు ఎలా తగ్గించుకుంటూ రావాలి, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలి. ప్రెషర్ అంకెను అడగడానికి మొహమాటపడవద్దు. రెండు వారాల తరువాత 22 వచ్చినప్పుడు, మొదట 20 ఉందా 12 ఉందా అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయం పూర్తిగా మారిపోతుంది.

సీసా చేతికొచ్చాక

షాపులో ఇచ్చిన మందు పేరును, శాతాన్ని చీటీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం రాస్తే ప్రెడ్నిసొలోన్ ఫాస్ఫేట్ సరిపోదు. ఎసిటేట్ నల్లగుడ్డును దాటి లోపలికి బాగా వెళ్తుంది. ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్ ప్రెషర్‌ను తక్కువగా పెంచే రకాలు, పైపై వాపుకు బాగా సరిపోతాయి. డైఫ్లుప్రెడ్నేట్ 0.05 శాతం వీటన్నిటికంటే ఘాటైనది: రోజుకు నాలుగుసార్లు వేస్తే, ఎనిమిదిసార్లు వేసిన ప్రెడ్నిసొలోన్‌కు తీసిపోలేదని యువైటిస్ మీద చేసిన పోలికలో తేలింది. కాబట్టి "ఇదీ స్టెరాయిడే, అదీ స్టెరాయిడే" అని మార్చి ఇస్తే ఒప్పుకోకూడదు.

ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ నీటిలో కరగదు. సున్నపునీళ్లలో సున్నం లాగా సన్నటి రేణువులుగా తేలుతూ, కదపకపోతే అడుగుకు చేరుతుంది. కుదపకుండా వేస్తే మొదటి రోజుల్లో ఉత్త నీళ్లు, చివరి రోజుల్లో చిక్కటి మందు కంట్లో పడతాయి. వేసే ప్రతిసారీ మూత పెట్టి ఉండగానే పది పదిహేనుసార్లు బాగా కుదపాలి, సీసాను నిలువుగా ఉంచాలి. డైఫ్లుప్రెడ్నేట్ ఎమల్షన్‌కు, డెక్సామెథసోన్ ఫాస్ఫేట్ ద్రావణానికి ఈ బాధ లేదు. లేబుల్ మీద సస్పెన్షన్ అన్న మాట ఉందా అని చూసుకుంటే చాలు.

మూత తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. ఎక్స్‌పైరీ ఇంకా రెండేళ్లున్నా, మూత తీశాక సాధారణంగా 28 రోజులకు ఆ సీసాను పక్కన పెట్టాలి. ఇక్కడ ఒక చిన్న లెక్క. శుక్లం ఆపరేషన్ తరువాత మన దగ్గర తరచుగా రాసే పద్ధతిలో మొదటి వారం రోజుకు ఆరు చుక్కలు, రెండో వారం ఐదు, అలా తగ్గుతూ ఆరో వారానికి ఒకటి వేస్తారు. రోజుకు లెక్కన ఆరూ ఐదూ నాలుగూ మూడూ రెండూ ఒకటీ కలిపితే 21, దాన్ని ఏడుతో హెచ్చిస్తే 147 చుక్కలు. ఒక చుక్క దాదాపు 40 మైక్రోలీటర్లు అనుకుంటే 5 మిల్లీలీటర్ల సీసాలో ఉండేవి 125 చుక్కలు, అందులో బుగ్గ మీద జారిపోయేవి ఎన్నో. అంటే ఆరు వారాల చికిత్సకు చుక్కల లెక్కన చూసినా రోజుల లెక్కన చూసినా రెండు సీసాలు కావాలి. ఈ లెక్క ముందుగా తెలియక, సీసా అయిపోయిన రోజునే మందు అయిపోయిందని అనుకుని మానేసేవారు చాలామంది.

చుక్క వేసే పద్ధతి

సబ్బుతో చేతులు కడుక్కోండి. కూర్చుని తల వెనక్కి వాల్చండి. మెడ నొప్పి ఉన్నవారు, చేయి వణికేవారు పడుకోవడమే మేలు. ఒక చేతి వేలితో కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే రెప్పకు, గుడ్డుకు మధ్య చిన్న జేబు తెరుచుకుంటుంది. చూపును పైకప్పు మీద నిలిపి, సీసా మూతిని ఆ జేబుకు ఒక అంగుళం పైన పట్టుకుని ఒక్క చుక్క వదలండి. మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ వేలికి గానీ తగలకూడదు. తగిలిందంటే అక్కడి క్రిములు సీసాలోకి వెళ్లి మరుసటి పూట కంట్లోకే వస్తాయి.

చుక్క పడిన వెంటనే కళ్లు టపటపలాడించడం అందరికీ అలవాటు. అలా చేస్తే మందు కంటి నుంచి ముక్కులోకి పోయే సన్నటి కాలువలోకి తోడుకుపోతుంది. కాసేపటికి గొంతులో చేదు తెలియడం అందుకే. కళ్లను మెత్తగా మూసుకుని, ముక్కు పక్కన కంటి లోపలి మూలను వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచితే మందు కంట్లోనే నిలుస్తుంది, ఒంట్లోకి పోయేది తగ్గుతుంది. చిన్నపిల్లలకు, మధుమేహం ఉన్నవారికి ఈ నొక్కి పట్టుకోవడం తప్పకుండా చేయాలి.

రెండు చుక్కలు వేస్తే రెట్టింపు పని జరగదు. కింది రెప్ప జేబులో పట్టేది ఒక చుక్క కంటే తక్కువే. మిగిలింది చెంప మీదికి జారుతుంది. మొదటిది కచ్చితంగా బయట పడిందనిపిస్తేనే మరొకటి వేయాలి. మా అమ్మగారికి శుక్లం ఆపరేషన్ అయినప్పుడు, పడిందో లేదో తెలియక ప్రతిసారీ మూడు నాలుగు చుక్కలు వేసుకునేవారు. పక్కింటి పిన్నిగారు ఒక ఉపాయం చెప్పారు: సస్పెన్షన్ కాని చుక్కల సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే, చల్లదనాన్ని బట్టి చుక్క కంట్లో పడిందో చెంప మీద పడిందో తెలిసిపోతుంది. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టవచ్చునని లేబుల్ మీద ఉంటేనే ఈ పని చేయాలి. గడ్డకట్టే అరలో ఏ చుక్కల మందునూ పెట్టకూడదు.

ఏడ్చే పిల్లాడితో కుస్తీ పట్టనక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, కళ్లు మూసుకోమని, ముక్కు వైపు కంటి మూలలో చుక్క వేసి వదిలేయండి. వాడే కుతూహలం కొద్దీ కళ్లు తెరుస్తాడు, మందు లోపలికి జారుతుంది.

వేర్వేరు చుక్కల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. డాక్టరు వేరే వరుస చెప్పకపోతే పలుచని ద్రావణం ముందు, సస్పెన్షన్ తరువాత, ఆయింట్‌మెంట్ అన్నిటికన్నా చివర. ఐరైటిస్‌కు స్టెరాయిడ్‌తో పాటు హోమాట్రోపిన్, సైక్లోపెంటొలేట్ లేదా అట్రోపిన్ రాస్తారు. పాపను కదిలిస్తూ ఉంచి అతుకులు పడకుండా చూడటం వాటి పని. దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడం, ఎండ భరించలేకపోవడం వీటివల్లే, స్టెరాయిడ్ వల్ల కాదు. ఆ రోజుల్లో బండి నడపకండి, నల్లకళ్లద్దాలు పెట్టుకోండి. వాపు పూర్తిగా తగ్గి డాక్టరు సరేననేదాకా కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోకూడదు. కంటికి వేసిన ప్రెడ్నిసొలోన్ రెప్పల అంచున తెల్లటి పొడిలా ఆరుతుంది. అది పుసి కాదు, తడి దూదితో తుడిస్తే పోతుంది.

తగ్గించుకుంటూ రావడం

ఐరైటిస్ బలంగా ఉన్నప్పుడు మెలకువగా ఉన్నంతసేపూ గంటకొక చుక్క వేయమంటారు. చూసేవారికి ఇది అతిగా అనిపిస్తుంది గానీ, మొదటి రోజుల్లో జబ్బును గట్టిగా అణచకపోతే తరువాత మరింత ఎక్కువ కాలం మందు వాడాల్సి వస్తుంది. ఆ తరువాత రోజుకు ఆరు, నాలుగు, రెండు అంటూ మెట్లు దిగుతారు.

మెట్లు ఎందుకంటే, బయటి ఎరుపు తగ్గినప్పటికీ లోపల పని పూర్తికాదు. పెంకుటింట్లో కంత నుంచి పడే ఎండపొడలో దుమ్ము రేణువులు తేలడం చూసే ఉంటారు. స్లిట్ ల్యాంప్ సన్నటి వెలుతురు గీతలో డాక్టరుకు కంటి ముందు గదిలోని నీటిలో తెల్లరక్తకణాలు సరిగ్గా అలాగే కనిపిస్తాయి, వాటిని లెక్కబెట్టి జబ్బు ఏ స్థాయిలో ఉందో చెబుతారు. అద్దంలో చూసుకునే మీకు అవి కనిపించవు. కణాలు ఇంకా తేలుతుండగా చుక్కలు ఆపేస్తే, అణిగి ఉన్న వాపు ఒక్కసారి ఎగదన్నుతుంది. నా కంటికి జరిగింది అదే.

తగ్గించే పట్టికను క్యాలెండరు మీద రాసుకోండి. మా ఇంట్లో గోడకు వేలాడే పెద్ద క్యాలెండరులో తిథీ వర్జ్యమూ ఉన్న గడిలోనే ఆ రోజు వేయాల్సినన్ని నిలువు గీతలు ముందుగా గీసి, వేసినప్పుడల్లా ఒకటి కొట్టేసేవాళ్లం. ఫోను అలారం కంటే ఇది బాగా నడిచింది, ఎందుకంటే ఇంట్లో ఎవరు వేసినా మిగతావారికి తెలిసేది. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయండి. తరువాతి చుక్క వేళ దగ్గరపడితే మాత్రం వదిలేయండి, రెండూ కలిపి వేయవద్దు. తగ్గిస్తున్నప్పుడు మళ్లీ వెలుతురు గుచ్చుకుంటున్నా, నొప్పి మొదలైనా సొంతంగా చుక్కలు పెంచకుండా ఫోను చేసి అడగండి.

కంటి ప్రెషర్

ఈ చుక్కల గురించి ఒక్క విషయమే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. కంటి ముందు గదిలో నిరంతరం తయారయ్యే నీరు, నల్లగుడ్డు అంచున ఉన్న జల్లెడ వంటి కణజాలం గుండా బయటికి పోతుంటుంది. స్టెరాయిడ్ కొందరిలో ఆ జల్లెడ కన్నాలను పూడ్చినట్టు చేస్తుంది. నీరు వస్తూనే ఉంటుంది, పోయే దారి ఇరుకవుతుంది, లోపలి ఒత్తిడి పెరిగి చూపునరాన్ని నలుపుతుంది. సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కన) మధ్య ఉండే ప్రెషర్ 30, 40 దాటినా చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, ఎదురుగా ఉన్నది చక్కగానే కనిపిస్తుంది. చూపు అంచుల నుంచి తరుగుతూ వస్తుంది కాబట్టి గడప తట్టుకునేదాకా, పక్కనుంచి వచ్చే బండి కనిపించక తుళ్లిపడేదాకా తెలియదు. పోయిన నరం తిరిగి రాదు.

ఎవరికి పెరుగుతుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. 1960లలో ఆరోగ్యంగా ఉన్నవారికి కొన్ని వారాలు స్టెరాయిడ్ చుక్కలు వేసి చూసిన ప్రసిద్ధ పరిశోధనల్లో, దాదాపు మూడోవంతు మందిలో ప్రెషర్ ఓ మోస్తరుగా, 5 శాతం చుట్టుపక్కల మందిలో 15 మిల్లీమీటర్లకు పైగా పెరిగింది. నీటికాసులు ఇప్పటికే ఉన్నవారిలో మాత్రం అత్యధికులకు పెరుగుతుంది. పెరుగుదల మామూలుగా రెండు నుంచి ఆరు వారాల్లో బయటపడుతుంది. పిల్లల్లోనూ, ఘాటైన మందులతోనూ ఇంకా ముందే రావచ్చు. పది రోజులకు మించి వాడితే ప్రెషర్ చూడాలని మందు కరపత్రాల్లోనే ఉంటుంది. ఆచరణలో మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు వారాలకు ఒకసారి, ఆ తరువాత వాడినన్నాళ్లూ డాక్టరు చెప్పిన గడువుకు ఒకసారి కొలిపించుకోవాలి. గాలి ఊదే యంత్రంతోనైనా, మొద్దుబార్చే చుక్క వేసి నీలి వెలుతురుతో ఆనించే పద్ధతిలోనైనా, ఇది నిమిషంలో అయిపోయే, నొప్పిలేని పరీక్ష. సమయానికి పట్టుబడితే మందు మార్చి గానీ, తగ్గించి గానీ, ప్రెషర్ తగ్గించే చుక్కలు కలిపి గానీ సరిచేస్తారు. స్టెరాయిడ్ ఆపాక చాలామందిలో కొద్ది వారాల్లో మామూలు స్థితికి వస్తుంది.

నా మనసును ఎక్కువగా కలచివేసేది పిల్లల సంగతి. ఎండాకాలం రాగానే ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, కళ్లు నులుముకుంటూ, ముద్దగా తీగలు సాగే పుసితో, పై రెప్ప లోపల గడ్డలతో బాధపడతారు. వెర్నల్ కలక అనే ఈ అలర్జీ ఏటా తిరిగొస్తుంది. మొదటి ఏడాది డాక్టరు రెండు వారాలకు రాసిన స్టెరాయిడ్ చీటీనే తరువాతి ఏళ్లలో తల్లిదండ్రులు షాపులో చూపించి తెచ్చి వేస్తారు. వేస్తే పిల్లవాడు నులుముకోవడం మానేసి బడికి పోతాడు మరి. ఇలా రెండు మూడు వేసవులు గడిచాక, బ్లాక్‌బోర్డు కనిపించడం లేదని ఆసుపత్రికి తెస్తే అప్పటికే చూపునరం సగానికి పైగా ఎండిపోయి ఉన్న కేసులు కంటి ఆసుపత్రుల్లో అరుదేమీ కాదు. ఈ జబ్బుకు రోజువారీ మందు స్టెరాయిడ్ కాదు. ఒలోపటడిన్ వంటి అలర్జీ చుక్కలు, చల్లని తడిగుడ్డ, బయటికి వెళ్లేటప్పుడు కళ్లద్దాలు, అవసరమైతే డాక్టరు రాసే సైక్లోస్పోరిన్ చుక్కలు లేదా టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ దీర్ఘకాలం నడవాల్సినవి. స్టెరాయిడ్ ఉధృతి రోజుల్లో కొద్దికాలానికే.

మిగతా ముప్పులు క్లుప్తంగా

నెలల తరబడి వాడితే కటకం వెనక పొర మధ్యలో శుక్లం పడుతుంది. ఎదురు వెలుతురులో, ఎండలో చూపు మరీ మసకబారడం దాని లక్షణం. పుండు మానడం ఆలస్యమవుతుంది, పలుచబడిన నల్లగుడ్డు మరింత పలుచబడవచ్చు. వేసిన వెంటనే కొన్ని సెకన్ల పాటు మండటం, కాసేపు మసకగా ఉండటం మామూలే.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

చుక్కలు వాడుతుండగా నొప్పి పెరగడం, చూపు తగ్గడం, పుసి కారడం, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించడం, దీపాల చుట్టూ రంగుల వలయాలు, తలనొప్పితో వాంతి, ఇవి ఫోనులో అడిగి తెలుసుకునేవి కావు. శుక్లం ఆపరేషన్ అయిన మొదటి రెండు వారాల్లో, ముందు రోజు బాగున్న చూపు మందగించి కన్ను నొప్పి, ఎరుపు మొదలైతే అర్ధరాత్రైనా సరే ఆపరేషన్ చేసినవారి దగ్గరికే వెళ్లాలి. కంటి లోపల ఇన్‌ఫెక్షన్ అయితే తెల్లవారేదాకా ఆగడంలోనే కన్ను పోవచ్చు. వెళ్లేటప్పుడు వాడుతున్న సీసాలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. "ఎర్ర మూతది రోజుకు మూడుసార్లు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. అమెరికాలో స్టెరాయిడ్ చుక్కలకు గులాబీ రంగు మూత, పాపను పెద్దది చేసేవాటికి ఎర్ర మూత అన్న పద్ధతి ఉంది గానీ, ఇక్కడి సీసాల విషయంలో మూత రంగును నమ్ముకోవడానికి లేదు. అక్కడ చదువుకునే, ఉద్యోగాలు చేసే మనవాళ్లు సూట్‌కేసులో ఈ చుక్కలు పట్టుకుపోయి కన్ను ఎర్రబడినప్పుడల్లా వాడుకోవడం కూడా, షాపులో అడిగి తెచ్చుకోవడం లాంటిదే.

చికిత్స ముగిశాక

చివరి చుక్క వేసిన తరువాత కూడా డాక్టరు రమ్మన్న తేదీకి వెళ్లాలి. కణాలు పూర్తిగా పోయాయా, ప్రెషర్ మొదటి అంకెకు వచ్చిందా అన్నది ఆ రోజే తేలుతుంది. చీటీలన్నీ ఒక కవరులో దాచి, పై అట్ట మీద ఏ తేదీన ఏ మందుతో ప్రెషర్ ఎంతకు చేరిందో రాసి ఉంచండి. ఐరైటిస్ ఒకసారి వచ్చినవారికి మళ్లీ వచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఊరు మారినా, డాక్టరు మారినా ఆ కవరు చూస్తే మీ కన్ను ఏ మందుకు ఎలా స్పందిస్తుందో కొత్త డాక్టరుకు క్షణంలో అర్థమవుతుంది.

మిగిలిన సీసాను మరోసారికి పనికొస్తుందని దాచకండి. మా ఫ్రిజ్ తలుపు అరలో, పచ్చడి సీసాకు, ఇన్సులిన్ పెట్టెకు మధ్య అలాంటిది ఒకటి ఏడాది పాటు ఉండిపోయింది. వర్షాకాలంలో కలకలు మొదలైనప్పుడు మా మేనల్లుడు కన్ను నులుముకుంటూ వచ్చి, "మామయ్యా, నీ చుక్కలు ఒకసారి వేసుకోనా?" అని ఆ అర తెరిచాడు. సీసా వాడి చేతిలోంచి తీసుకుని, లోపలున్నది కాగితంలోకి పిండి, లేబుల్ చించి చెత్తలో వేసి, వాణ్ని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.